బెల్లం, మిరియం, ఉత్తర సముద్రం

ముందే చెప్పేస్తాను. రెండు కుక్కలతో బయల్దేరి ఒక్కదానితో తిరిగొచ్చిన ప్రయాణం ఇది. అలాస్కా అనగానే ఆకాశంలో పచ్చటి వెలుగులూ, చేపలు పట్టే ఎలుగుబంట్లూ ఆశించేవాళ్లు ఇక్కడే ఆగిపోయినా నాకేం బాధ లేదు. నేను చూసింది చాలావరకు బురద. బురద లేని చోట కంకర, ఆ రెండింటి మీదా వాన. అయినా రాస్తున్నాను. మనవాళ్లెవరైనా కుక్కలతో ఈ దారిన వెళ్తే, నేను చేసిన పని వాళ్లు చేయకూడదు.

కుక్కలు నావి కావు, ప్రత్యూషవి. సీటెల్ పక్కన రెడ్‌మండ్‌లో మా టీమ్‌లోనే పనిచేసేది. నాకంటే పన్నెండేళ్లు చిన్న, వరంగల్ అమ్మాయి. జనవరిలో తమ్ముడి పెళ్లికని, పనిలో పనిగా వీసా స్టాంపింగ్ కూడా చేయించుకుందామని ఇండియా వెళ్లింది. "మూడే వారాలు రమక్కా" అంటూ రెండు కుక్కల్నీ, వాటి పరుపుల్నీ, తిండి బస్తానీ మా ఇంట్లో దింపి పోయింది. వీసా తేలలేదు. మే నెలలో ఉద్యోగం పోయింది. జూన్‌లో మేమంతా కలిసి ఆమె అపార్ట్‌మెంట్ ఖాళీ చేశాం.

ఇక్కడ మనవాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఉన్నట్టుండి ఇండియాలో ఉండిపోవాల్సి వస్తే వాళ్ల సామాన్ల జాబితా వాట్సాప్ గ్రూపులో పెడతారు. కావలసినవాళ్లు పక్కన పేరు రాసుకుంటారు. ప్రత్యూష సోఫా పది నిమిషాల్లో పోయింది. కుక్కర్, ట్రెడ్‌మిల్, సగం వాడిన డిటర్జెంట్ డబ్బాతో సహా సాయంత్రానికల్లా అన్నీ పోయాయి. ఆఖరి వరుసలో "కుక్కలు రెండు, విడివిడిగా ఇవ్వబడవు" అని ఉంది. ఆ పక్కన మాత్రం ఎవరూ పేరు రాయలేదు. రెండు రోజులు చూసి నేనే రాశాను.

బెల్లం పదకొండేళ్ల మగకుక్క. గోధుమరంగు, మూతి నెరిసింది, ముప్ఫై కిలోల బరువు, ఆకలి మాత్రం మూడు కుక్కలకి సరిపోయేంత. మిరియం నాలుగేళ్లది. నల్లగా, సన్నగా ఉంటుంది, ఏది పెట్టినా మూడుసార్లు వాసన చూసి గాని మూతి పెట్టదు. నాకు కుక్కలంటే ఇష్టం లేదని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆగస్టు వచ్చేసరికి నా మంచం మీద నాకు మిగిలేది ఓ మూల మాత్రమే.

ఈ ప్రయాణం కూడా ప్రత్యూషదే. బెల్లం పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ వాణ్ని అమెరికా ఉత్తరపు అంచుదాకా తీసుకెళ్లాలని ఆమె కోరిక. కిందటేడే ట్రక్కు బుక్ చేసి అడ్వాన్స్ కూడా కట్టింది. జూలైలో ఫోన్ చేసి, "అక్కా, నువ్వన్న పో. వాని కాళ్లు ఆ సముద్రంల పెట్టిచ్చి నాకు వీడియో కాల్ చెయ్. నేనొచ్చేదాంక వాడు ఉంటడో ఉండడో" అంది. ఉంటాడని, నేను చూసుకుంటానని మాటిచ్చాను.

ఫెయిర్‌బ్యాంక్స్

సీటెల్ నుంచి విమానంలో వచ్చాం, నేను సీట్లో, వాళ్లిద్దరూ కింద బోనుల్లో. ఉత్తర సముద్రం వైపు పోయే డాల్టన్ రోడ్డు మీదికి మామూలు అద్దె కార్లని రానివ్వరు. అందుకోసమే ట్రక్కులు ఇచ్చేవాళ్లు వేరే ఉన్నారు. మాకు ఇచ్చినాయన డెబ్బై దాటిన మనిషి. రెండు స్పేర్ టైర్లు, లారీ డ్రైవర్లతో మాట్లాడుకునే రేడియో, పెట్రోలు క్యాను చూపించి, అద్దం పగిలితే నాదే ఖర్చన్నాడు. "పగులుతుందా?" అని అడిగితే, "పగలకుండా తెస్తే నీకు కాఫీ ఇస్తా" అన్నాడు. ఐదు వందల మైళ్లు, అందులో నాలుగొందలకి పైగా ఆ రోడ్డే.

ఫెయిర్‌బ్యాంక్స్‌లో నాకు వింతగా తోచింది థాయ్ హోటళ్లు. అంత చలి ఊళ్లో సందుకొకటి ఉంది. ఇరవై డాలర్లు పెట్టి నూడుల్స్ తిన్నాను, కారం చాలలేదు. నా ఐస్‌బాక్సులో నా వంట ఉందన్న ధైర్యం నాది. సోనా మసూరి, చిన్న కుక్కర్, పెరుగు, గోంగూర పచ్చడి. ఇంటి దగ్గరే వండి గడ్డకట్టించిన డబ్బాలు పది. వాటిలో ఆరు కోడికూర, నాలుగు కోడిగుడ్డు ఉల్లిపాయ కూర. మా తెనాలి వైపు కోడికూర ఎలా చేస్తామో చెప్పనక్కర్లేదు, కిలో కోడికి దాదాపు కిలో ఉల్లిపాయలు పడాలి, ఎర్రగా వేగాలి. వాళ్లిద్దరికీ మాత్రం వాళ్ల డాగ్ ఫుడ్ బస్తా ఒకటి వెనకాల వేశాను.

యూకన్ వంతెన

రోడ్డు మొదలైన గంటకే నడుము సంగతి అర్థమైంది. మట్టిరోడ్డు మీద అడ్డంగా గీతలు గీతలుగా గట్లుంటాయి, వాటి మీద బండి పోతుంటే పళ్లు టకటకలాడతాయి. పక్కనే చమురు గొట్టం, కొండలెక్కుతూ దిగుతూ, మనతోపాటే వస్తుంటుంది. ఎదురుగా లారీ వస్తే కుడివైపుకి జరిగి వేగం తగ్గించాలి, లేకపోతే వాళ్ల చక్రాల కింది రాళ్లు వచ్చి మన అద్దానికి తగులుతాయి. తగ్గించినందుకు డ్రైవరు చెయ్యెత్తుతాడు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లు బండి నడిపినా ఎవరూ నాకు చెయ్యెత్తలేదు, ఎత్తినా అది వేరే అర్థంలో.

యూకన్ నది మీద చెక్క పలకల వంతెన. నీళ్లు బూడిదరంగులో, వెడల్పుగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. అవతలి ఒడ్డున చిన్న హోటలు, పక్కన గదులు. ఆగి వెనక తలుపు తీసేసరికి గుప్పున పెట్రోలు వాసన. కుదుపులకి క్యాను మూత వదులై, డాగ్ ఫుడ్ బస్తా మీద కారింది. కాగితం సంచీ మొత్తం తడిసి ముద్దయింది. మిరియం ఒక్కసారి వాసన చూసి తుమ్ముతూ వెనక్కి పోయింది. బెల్లం తినడానికి సిద్ధమే, నేనే లాగేశాను.

హోటల్లో అడిగితే కుక్కల తిండి లేదన్నారు. ఈ రోడ్డు పొడుగునా ఎక్కడా దొరకదన్నారు. కౌంటర్ దగ్గరి అమ్మాయి తన పిల్లికి తెచ్చుకున్నది అరకప్పు ఇవ్వబోయింది. "వద్దులే తల్లీ, నా దగ్గర అన్నం ఉంది" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ఎంత గర్వంగా ఉందో ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

అన్నం వండాను. కోడికూర వేడి చేసి, ఎముకలన్నీ ఒక్కొక్కటీ ఏరాను, గొంతులో గుచ్చుకుంటాయని. కారం తగలకుండా కాస్త పెరుగు కలిపాను. నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. మా ఇంటి వెనక కుక్కలు తరతరాలుగా తిన్నది అదే. మిరియం కూర వైపు చూడనైనా చూడలేదు, ఉత్త పెరుగన్నం తింది. బెల్లం మాత్రం గిన్నెలో తల దూర్చి, తిని, నాకి, ఆ గిన్నెని కంకర మీద గిరగిరా తిప్పుకుంటూ పది గజాలు తీసుకెళ్లాడు. నాకు విడాకులై తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో నా వంట అలా తిన్నవాళ్లు లేరు. ఇంకో గరిటె వేశాను.

కోల్డ్‌ఫుట్

రెండో రోజు ఆర్కిటిక్ వృత్తం దాటాం. అక్కడో బోర్డు ఉంటుంది, అందరూ ఫొటో దిగుతారు. వానలో నేనూ దిగాను. ఫొటోలో నేనూ, మిరియం చెవులూ, బెల్లం వెనకభాగం వచ్చాయి.

కోల్డ్‌ఫుట్ ఊరు కాదు, లారీలు ఆగే చోటు. ఒక హోటలు, పెట్రోలు బంకు, ఎప్పుడో పనివాళ్లుండిన రేకుల గదులు. హోటల్లో ఒక పెద్ద బల్ల లారీ డ్రైవర్లకే. తెలియక కూర్చోబోతే వడ్డించే ఆవిడ మెల్లగా భుజం మీద చెయ్యేసి పక్క బల్లకి పంపింది. ఆ బల్ల మీది నుంచే గడ్డమాయన ఒకడు పలకరించాడు.

"ఎక్కడి నుంచి?"

"రెడ్‌మండ్."

"అది కాదు. మొదట ఎక్కడి నుంచి?"

"తెనాలి."

"అక్కడ చలి ఎంత ఉంటుంది?"

"డిసెంబర్‌లో ఫ్యాన్ ఆపేస్తాం."

బల్లంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఇక్కడి నుంచి రోడ్డు చివరి డెడ్‌హార్స్ దాకా రెండు వందల నలభై మైళ్లు, మధ్యలో పెట్రోలు లేదు, ఫోన్ లేదు, డాక్టరు లేడు, మనుషులకీ లేడు కుక్కలకీ లేడు అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. సూప్, రొట్టె ఇరవై రెండు డాలర్లు. రొట్టె నాకు, సూప్‌లో మాంసం వాళ్లకి. బెల్లానికి దానికి తోడు రెండు పూటలా కూరన్నం. ట్రక్కు వెనక సీట్లో ముగ్గురం ఒకే దుప్పటి కింద పడుకున్నాం. బెల్లం ఊపిరి ఉల్లిపాయ వాసన వేసింది. నవ్వుకుని వాడి తల నిమిరాను.

అటిగన్ కనుమ

మూడో రోజు చెట్లు అయిపోయాయి. ఆఖరి చెట్టు దగ్గర ఇదే ఆఖరిదని ఎవరో బోర్డు పెట్టారు. తర్వాతంతా ఎర్రబారిన గడ్డి, దాని మీద మేఘాలు. అటిగన్ కనుమ మీద పొగమంచులో ముందున్న లారీ వెనక ఎర్రలైట్లు తప్ప ఏమీ కనబడలేదు. పక్కన లోయ ఎంత లోతో తెలియకపోవడమే మంచిదనిపించింది.

కనుమ దిగాక ఒక సరస్సు పక్కన గుడారం వేశాను. అక్కడ వేటకి వచ్చిన తండ్రీకూతుళ్లు కలిశారు. ఈ రోడ్డుకి దగ్గర్లో తుపాకీ పేల్చకూడదట, బాణాలే. నాలుగు రోజులుగా ఒక్క దుప్పీ దొరకలేదని తండ్రి దిగులుగా చెప్పాడు. కూతురికి ఇరవై ఉంటాయి, కాళ్లు తడిసి వణుకుతోంది. ఎవరైనా అలా కనబడితే మనం ఏం చేస్తాం? అన్నం పెట్టాను. ఆ పిల్ల కోడికూర తింటూ కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, అయినా రెండోసారి అడిగింది. వాళ్లు బదులుగా ఎండబెట్టిన చేప ఇచ్చారు. అది మిరియం తింది. బెల్లం ఎప్పట్లాగే నా గిన్నె ఖాళీ చేశాడు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు సంతోషమైన సాయంత్రం అదొక్కటే.

మర్నాడు పొద్దున బెల్లం ట్రక్కులోకి దూకలేదు. ముందు కాళ్లు పెట్టి నా వైపు చూశాడు. "తిండెక్కువైందిరా నీకు" అని వెనకనుంచి ఎత్తి లోపలికి తోశాను.

డెడ్‌హార్స్

నాలుగో రోజు సాయంత్రం రోడ్డు అయిపోయింది. ఆర్కిటిక్ సముద్రం అంటే మీరేమనుకుంటున్నారో నాకు తెలియదు. రోడ్డు చివర ఉన్నది సముద్రం కాదు, గేటు. దాని వెనక చమురు బావులు, వాటి వెనక ఎనిమిది మైళ్ల అవతల సముద్రం. మామూలు జనం దాటకూడదు. ముందురోజే పేరూ పాస్‌పోర్టు నంబరూ ఇచ్చి బుక్ చేసుకుంటే ఒక వ్యాన్‌లో తీసుకెళ్లి చూపించి తీసుకొస్తారు. ఆ టికెట్టు ప్రత్యూష జూలైలోనే చెబితే నేను బుక్ చేసే ఉంచాను. చూసుకోనిది ఒక్కటే, ఆ వ్యాన్‌లోకి కుక్కల్ని ఎక్కించరు.

హోటలంటే పనివాళ్ల బస. లోపలికి పోవాలంటే బూట్ల మీద నీలం రంగు ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవాలి. మా ఇంట్లో చెప్పులు బయట విప్పమంటే మొహం మాడ్చే అమెరికన్లు, అక్కడ బుద్ధిగా వరుసలో నిలబడి తొడుక్కుంటున్నారు. రోజుకి రెండు వందల డెబ్బై డాలర్లు, భోజనం అందులోనే. పన్నెండు గంటల డ్యూటీ దిగిన మనుషులు టీవీ వైపు చూస్తూ ఎవరితోనూ మాట్లాడకుండా తింటారు. కుక్కలు ట్రక్కులోనే.

ఐదో రోజు పొద్దున బెల్లం తినలేదు. వాడు నా దగ్గరికి వచ్చాక అలా జరగడం అదే మొదలు. దింపితే నాలుగడుగులు వేసి, ఒంటికి పోసుకున్నాడు. బురదలో సరిగ్గా కనబడలేదు గానీ రంగు డికాషన్‌లా ఉంది. నీళ్లు తక్కువ తాగాడేమో అనుకున్నాను. వ్యాన్ వచ్చేసింది. నేను వెళ్లాను. ఇక్కడ ఎలా రాసినా నాకు మంచి పేరు రాదు, కాబట్టి ఉన్నదే రాస్తున్నాను. వాణ్ని ఆ స్థితిలో వదిలి నేను సముద్రం చూడ్డానికి వెళ్లాను.

సముద్రం బూడిదరంగులో, అలలు లేకుండా, ఓ మూల పడి ఉన్నట్టుంది. తోటివాళ్లు బూట్లు విప్పి కేకలు పెడుతూ దిగారు. నేను మంచినీళ్ల బాటిల్ వంచి నీళ్లు పారబోసి, అందులో ఇసుకతో సహా సముద్రం నింపాను. గైడు ఎందుకని అడిగాడు. "మా వైపు దూరం రాలేనివాళ్లకి ఇలా పట్టుకెళ్తాం" అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో, తల ఊపాడు.

తిరిగొచ్చి పార్కింగులో ఫోన్ కలిపాను. వరంగల్‌లో అర్ధరాత్రి దాటింది, ప్రత్యూష మెలకువగా కూర్చుంది. మిరియం కాళ్ల మీద నీళ్లు పోస్తే ఎగిరి అవతల పడింది. బెల్లం కాళ్ల మీద పోస్తే కదల్లేదు.

"బెల్లంగా! అరే బెల్లంగా!" అని పిలిచింది. తోక ఒకసారి నేలకి కొట్టాడు.

"వాడెందుకట్ల కూసున్నడక్కా?"

"అలిసిపోయాడు. నాలుగు రోజుల ప్రయాణం కదా."

"మంచిగనే ఉన్నడు గదా?"

"బానే ఉన్నాడు."

ఆమె ఏడుస్తూ నవ్వుతూ థాంక్స్ అక్కా, థాంక్స్ అక్కా అంటూనే ఉంది. ఫోన్ పెట్టేశాక చూస్తే నా వెనక ఒకావిడ నిలబడి ఉంది. ఆ హోటల్లో బట్టలుతికే విభాగంలో పని, పేరు లోరీ, అరవై పైబడ్డ మనిషి. పెళ్లికి ముందు మంచు మీద బండి లాగే కుక్కల్ని పెంచేదట. అడక్కుండానే వంగి బెల్లం పెదవి పైకెత్తి చూసింది. చిగుళ్లు తెల్లగా ఉన్నాయి, కాగితంలా. నేను అంతవరకూ ఎత్తి చూడలేదు.

"ఏం పెడుతున్నావు?"

చెప్పాను. కాస్త గొప్పగానే చెప్పాను. అన్నం, పెరుగు, కోడి, ఎముకలు ఏరి, ఉల్లిపాయలతో.

"ఉల్లిపాయలా? ఎన్ని?"

ఆవిడ మొహం చూసి నాకు భయం, దాంతో కోపం వచ్చాయి. "మా ఊళ్లో కుక్కలు ఇవే తింటాయి" అన్నాను.

"మీ ఊళ్లో కుక్కలు ఎన్నేళ్లు బతుకుతాయి?"

ఉల్లిపాయ కుక్కల రక్తాన్ని లోపల్లోపలే విరిచేస్తుందని, రెండు మూడు రోజుల దాకా బయటపడదని ఆవిడే చెప్పింది. దగ్గరి పశువుల డాక్టరు ఫెయిర్‌బ్యాంక్స్‌లో. "ఇప్పుడే బయల్దేరు" అని తానే వాణ్ని ఎత్తి సీట్లో పడుకోబెట్టింది. గదికి కట్టిన డబ్బు, లోపల వదిలేసిన కుక్కర్, గుర్తొచ్చేసరికి కనుమ దగ్గరికి వచ్చేశాను.

తిరుగుదారి

వచ్చేటప్పుడు చూసినవన్నీ తిరిగి కనబడ్డాయి గానీ నాకేవీ గుర్తులేవు. కనుమకి ఇవతల టైరు పోయింది. మార్చడం రాదు. చెయ్యెత్తితే మూడో లారీ ఆగింది, ఆయన మార్చి, లోపలికి తొంగి చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు. మిరియం దారి పొడుగునా బెల్లం మీద తల పెట్టుకుని పడుకుంది. సాయంత్రానికి కోల్డ్‌ఫుట్ చేరాను. ముందున్న రోడ్డు వానకి కోసుకుపోయిందని, పొద్దున్నే గాని వదలరని బంకు దగ్గర చెప్పారు.

అక్కడ కూర్చుని ఫోన్‌లో పాత మెసేజ్‌లు తీశాను. జనవరిలో ప్రత్యూష పంపిన వాయిస్ మెసేజ్ ఒకటుంది, పదకొండు నిమిషాలది. పరుపులు, టీకాలు, గోళ్లు కత్తిరించడం దాకా విని, మిగతాది తర్వాత వింటానని పక్కన పెట్టాను. డాగ్ ఫుడ్డే పెడుతున్నాను కదా, అవసరం రాలేదు. ఏడో నిమిషంలో ఉంది. "ఇంపార్టెంట్ అక్కా, నువ్వు మస్తు ప్రేమగ పెడ్తవ్, నాకు తెల్సు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కిస్మిస్, చాక్లెట్, ఇవి మాత్రం అస్సలు పెట్టకు. బెల్లంగాడు అడుగుతడు, వాని కండ్లు జూడకు." వెనకాల సూట్‌కేసు జిప్ లాగుతున్న చప్పుడు. నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. బెల్లం కళ్లు తెరిచి చూశాడు, లేవలేకపోయాడు.

పొద్దున ఐదింటికి రోడ్డు వదిలారు. యూకన్ వంతెనకి ఇంకా నలభై మైళ్లుండగా వెనక సీట్లో ఊపిరి చప్పుడు ఆగింది. బండి పక్కకి తీసి ఆపాను. మిరియం అప్పటికే లేచి కిటికీ వైపు జరిగి కూర్చుంది. వాడి కాళ్ల మధ్య బొచ్చులో నిన్నటి సముద్రపు ఇసుక ఎండి ఉంది. దులపబోయి ఊరుకున్నాను.

ఫెయిర్‌బ్యాంక్స్‌లో డాక్టరమ్మ వాణ్ని పరీక్షించి, రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే రక్తం ఎక్కించి చూసేవాళ్లమంది. తర్వాత నా మొహం చూసి కాబోలు, "పెద్ద వయసు. గుండె కూడా బాగాలేనట్టుంది. ఇదొక్కటే కారణమని అనలేం" అంది. వాణ్ని వాళ్లకే అప్పగించి, ఆ మాట పట్టుకుని బయటికొచ్చాను. ట్రక్కులో కూర్చుని రెండుసార్లు పైకి అని చూసుకున్నాను. "వయసైపోయింది ప్రత్యూషా. నిద్రలోనే పోయాడు." బాగానే వచ్చింది.

ఫోన్ చేస్తే, అటువైపు "అక్కా" అనగానే అది నోట రాలేదు. ఉన్నదంతా చెప్పాను. పెట్రోలు, అన్నం, కూర, వాయిస్ మెసేజ్, పార్కింగులో అలిసిపోయాడన్న అబద్ధం. లైన్ కట్ అయిందేమోనని చూసుకున్నాను.

"ఎన్ని రోజులు పెట్టినవక్కా?"

"నాలుగు."

"రెండు పూటలా?"

"ఊఁ."

"మంచిగ తిన్నడా?"

"గిన్నె నాకేవాడు."

"తింటడు. వాడు తింటడు" అంది. తర్వాత ఫోన్ పెట్టేసింది.

ట్రక్కు ఇచ్చినాయన అద్దం చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కడా పగల్లేదు. లోపలికెళ్లి కాఫీ తెచ్చాడు. రెండో కుక్క ఏదని అడగబోయి, వెనక సీట్లో ఒంటరిగా ఉన్న మిరియంని చూసి, కప్పు నా చేతిలో పెట్టేశాడు.

రెడ్‌మండ్

పది రోజులకి ప్రత్యూష మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో, పూర్తి వాక్యాలతో. ఆమె నాకు అలా రాయడం అదే మొదలు. పక్క ఊరు బాథెల్‌లో తన కాలేజీ స్నేహితురాలు స్వాతి ఉంటుందని, శనివారం వచ్చి మిరియంని తీసుకెళ్తుందని, దాని సామాన్లు దయచేసి సర్ది ఉంచమని. ఇన్నాళ్లు చూసుకున్నందుకు కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. తప్పకుండా అని జవాబిచ్చాను. ఇంకేం రాయాలో తోచలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

శనివారం పన్నెండున్నరకి స్వాతి, ఆమె భర్త వచ్చారు. మర్యాదస్తులు. విషయం వాళ్లకి తెలుసని వాళ్ల మర్యాదలోనే తెలిసిపోయింది. పరుపు, గొలుసు, టీకాల కాగితాలు, కొత్త డాగ్ ఫుడ్ బస్తా గుమ్మంలో పెట్టాను. మిరియం వాళ్ల కారు సీటుని మూడుసార్లు వాసన చూసి ఎక్కింది.

"తినడానికి ఏం పెడతారండీ తనకి?" అని స్వాతి అడిగింది.

"ఆ బస్తాలోదే. ఇంకేమీ పెట్టకండి."

ఆమె తలూపింది. లోపల పొయ్యి మీద పప్పు పోపు వాసన గుమ్మందాకా వస్తోంది. సరిగ్గా భోజనాల వేళకి వచ్చారు. రెండు ముద్దలు తిని వెళ్లండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు.